చదువరికి సిద్ధాంతమెందుకు?

సాహిత్యాన్ని ఆస్వాదించడానికి సహృదయత చాలునని, సిద్ధాంతం రసాన్ని ఇంకింపజేస్తుందని కొందరి వాదం. మెతుకుసీమ చరిత్ర ఈ వాదాన్ని నిలువనీయదు. 2016 వరకు సిద్దిపేట భాగమై ఉన్న మెదకు జిల్లాలోనిదే మల్లినాథసూరి స్వస్థలమైన కొల్చారం. కాళిదాస, భారవి, మాఘుల కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన ఆ మనీషియే, విద్యాధరుని అలంకారశాస్త్ర గ్రంథమైన ‘ఏకావళి’కి ‘తరళ’ వ్యాఖ్యను సంతరించాడు. శాస్త్రం ఆయన రసదృష్టికి అడ్డు కాలేదు; వెలుగైనది.

నేటి సాహిత్యానికీ, సంస్కృతికీ ఆ వెలుగు అవసరమే. తెలుగు చలనచిత్రాలలో చిరకాలం తెలంగాణ పలుకుబడి ఎక్కువగా ప్రతినాయకులకు, హాస్యపాత్రలకు దక్కింది. సిద్దిపేట విద్యార్థి సైతం తన ఇంటి మాటకు తానే నవ్వవలసిన స్థితి అది. ఎవరి భాష ప్రమాణం, దానిని నిర్ణయించినదెవరు అని ప్రశ్నించడం ప్రాంతీయ అస్తిత్వ విమర్శ నేర్పింది. 2017లో ‘ఫిదా’ కథానాయిక అదే భాషలో మాట్లాడి మెప్పించినప్పుడు, మారినదేమిటో వివరించగలిగినదీ ఆ విమర్శయే. అట్లే స్త్రీవాద దృష్టి లేక ‘నీలిమేఘాలు’ (1993), దళితవాద దృష్టి లేక ‘చిక్కనవుతున్న పాట’ (1995) కవితా సంకలనాలను చదివితే ఆవేశమే కనిపిస్తుంది. దాని వెనుకనున్న ఆలోచన కనిపించదు.

అయితే సిద్ధాంతం మూసగా మారరాదు. ముందే సిద్ధపరచుకొన్న తీర్పును రచనకు అంటగట్టడం విమర్శ కాదు. ఆధారం లేనిది వ్రాయనని, అక్కరలేనిది చెప్పనని మల్లినాథుడు పెట్టుకొన్న నియమం నేటి విమర్శకులకూ శిరోధార్యం. సిద్ధాంతం దీపం వంటిది. దాని వెలుగులో చూడవలసినది దీపాన్ని కాదు, రచనను.