ఫ్లోరైడ్‌: వాళ్లకు ‘కలపాలా?’... మనకు ‘ఎంతుంది?’

అమెరికాలోని యూటా రాష్ట్రం 2025 మే 7 నుంచి తాగునీటిలో ఫ్లోరైడ్‌ కలపడాన్ని నిషేధించింది. ఆ దేశంలో ఈ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. జులై 1 నుంచి ఫ్లోరిడా కూడా అదే దారి పట్టింది. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టు చివర్లో, మన కుప్పానికి కృష్ణా నీళ్లొచ్చాయి. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ-నీవా కాలువల్లో 700 కిలోమీటర్లకు పైగా నడిచొచ్చిన నీళ్లవి.

ఈ రెండు వార్తలకూ ఏం సంబంధం అనుకుంటున్నారా? ఉంది. అక్కడ వాళ్లు నీళ్లలో తామే కలుపుతున్న ఫ్లోరైడ్‌ను ఆపాలా వద్దా అని కొట్లాడుకుంటున్నారు. ఇక్కడ ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, ఎవరూ కలపకుండానే బోరు నీళ్లలోకి వచ్చే ఫ్లోరైడ్‌ను తప్పించుకోవడానికి నదుల నీళ్ల కోసం ఎదురుచూస్తున్నారు. పదార్థం ఒకటే, సమస్యలు మాత్రం ఎదురెదురు.

గ్రూప్‌-1 మెయిన్స్‌ జనరల్‌ ఎస్సేకో, బ్యాంకు ఇంటర్వ్యూకో, క్యాంపస్‌ గ్రూప్‌ డిస్కషన్‌కో సిద్ధమవుతుంటే ఈ అంశం మీకు ఎప్పుడైనా ఎదురుకావచ్చు. అప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇంటర్నెట్‌లో కనిపించే అమెరికా వాదనను తెచ్చి ‘ఫ్లోరైడ్‌ విషం’ అనో, ‘ఫ్లోరైడ్‌ పళ్లకు మంచిది’ అనో చెప్పేస్తారు. రెండూ సగం జవాబులే. అసలు ప్రశ్న మంచిదా చెడ్డదా అని కాదు. ఎంత మోతాదు, ఎక్కడి నీళ్లు అన్నది.

కథ మొదలైంది మరకలతోనే

ఫ్లోరైడ్‌ కథ పిప్పి పళ్లతో మొదలుకాలేదు, మరకలతో మొదలైంది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చిన ఫ్రెడరిక్‌ మెకే అనే దంతవైద్యుడు అక్కడి పిల్లల పళ్లపై గోధుమరంగు మరకలు చూశాడు. అందుకు కారణం నీళ్లలోని ఫ్లోరైడ్‌ అని 1931లో తేలింది. ఆ పళ్లు మరకలతో ఉన్నా తేలిగ్గా పుచ్చిపోవడం లేదని కూడా గమనించారు. మరక పడనంత తక్కువగా, పిప్పి రాకుండా కాపాడేంతగా కలిపితే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడే పుట్టింది. 1945 జనవరిలో మిచిగన్‌ రాష్ట్రంలోని గ్రాండ్‌ ర్యాపిడ్స్‌ నగరం ప్రపంచంలోనే మొదటిసారి తాగునీటిలో ఫ్లోరైడ్‌ కలిపింది.

అదే కాలంలో మన దగ్గర ఏం జరిగింది? 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయి, నడుం వంగిపోయిన మనుషులపై వైద్యులు ఒక పరిశోధన పత్రం వెలువరించారు. దేశంలో ఫ్లోరోసిస్‌ వ్యాధిపై వచ్చిన తొలి నివేదికల్లో అది ముఖ్యమైంది. అంటే అమెరికా ఫ్లోరైడ్‌ను మందుగా చూడటం మొదలుపెట్టక ముందే తెలుగునేల దాన్ని రోగంగా చూసింది. ఆ తర్వాత నల్గొండ పేరు ఈ వ్యాధికి మారుపేరైంది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్‌ పౌడర్‌తో నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించింది. దాన్ని ‘నల్గొండ టెక్నిక్‌’ అంటారు. జీకే పుస్తకాల్లో ఒక బిట్‌గా కనిపించే ఈ పేరు వెనుక తరాల నొప్పి ఉంది.

అక్కడి తగువు ఏమిటి?

కలపాలనే వారి వాదన సూటిగానే ఉంటుంది. ఫ్లోరైడ్‌ ఎనామిల్‌ను, అంటే పంటి గట్టి పైపొరను, ఆమ్లానికి తట్టుకునేలా చేస్తుంది. దంతవైద్యుడి దగ్గరికి పోలేని పేదపిల్లలకు కూడా కుళాయి నీళ్లతోనే రక్షణ దొరుకుతుంది. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 1999లో దీన్ని 20వ శతాబ్దపు పది గొప్ప ప్రజారోగ్య విజయాల్లో ఒకటిగా ప్రకటించింది. కెనడాలోని కాల్గరీ నగరం 2011లో ఫ్లోరైడ్‌ ఆపేసింది. పిల్లల్లో పిప్పి పళ్లు పెరిగాయని అధ్యయనాలు చెప్పాక, 2021లో ప్రజాభిప్రాయం తీసుకుని 2025 జూన్‌ చివర్లో మళ్లీ మొదలుపెట్టింది.

వద్దనేవారి వాదనా తీసిపారేసేది కాదు. నన్ను అడక్కుండా నా నీళ్లలో మందు కలపడం ఏమిటన్నది మొదటి ప్రశ్న. ఇప్పుడు అందరి ఇళ్లలో ఫ్లోరైడ్‌ పేస్ట్‌ ఉంది కదా, నీళ్లలో ఇంకా అవసరమా అన్నది రెండోది. పేస్ట్‌ వాడకం పెరిగాక నీళ్లలో కలపడం వల్ల వచ్చే అదనపు లాభం బాగా తగ్గిందని 2024లో వచ్చిన కొక్రేన్‌ సమీక్ష కూడా చెప్పింది. పశ్చిమ యూరప్‌లో ఎక్కువ దేశాలు నీళ్లలో కలపవు. జర్మనీ, ఫ్రాన్స్‌లలో ఫ్లోరైడ్‌ ఉప్పు దొరుకుతుంది.

మూడోది పిల్లల మెదడు గురించి. 2024 ఆగస్టులో అమెరికా నేషనల్‌ టాక్సికాలజీ ప్రోగ్రామ్‌ ఒక నివేదిక ఇచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్‌ ఉన్న చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటంతో దానికి సంబంధం కనిపిస్తోందని, ఈ నిర్ధారణపై తమకు ‘ఓ మోస్తరు నమ్మకం’ ఉందని అందులో చెప్పారు. అమెరికాలో కలిపే 0.7 మిల్లీగ్రాముల దగ్గర అలాంటి హాని ఉందో లేదో తేల్చడానికి ఆధారాలు చాలవనీ అదే నివేదికలో ఉంది. సోషల్‌ మీడియాలో మొదటి వాక్యమే తిరుగుతుంది, రెండోది కనబడదు.

ఇక్కడే మనం ఆగాలి. 1.5 అన్నది అమెరికాలో ఎక్కువమందికి దూరపు అంకె. మన పడమటి మండలాల్లో కొన్ని బోర్లకు మాత్రం అది పక్కింటి అంకె.

మన నేల, మన లెక్క

మన దేశంలో తాగునీటికి ఫ్లోరైడ్‌ కలిపే పథకం లేదు. భూమే ఇస్తోంది మరి. రాయలసీమ కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు, నైస్‌ రాళ్లు. వాటిలోని ఫ్లోరైడ్‌ ఖనిజాలు నెమ్మదిగా నీటిలో కరుగుతాయి. వానలు తక్కువ. బోరు ఎంత లోతుకు పోతే, రాతితో నీళ్లకు సావాసం సాధారణంగా అంత ఎక్కువ. వందల అడుగులు దించిన బోర్లలో ఫ్లోరైడ్‌ ఎక్కువగా కనిపించడానికి ఇదో కారణం. చెరువు, నది నీళ్లలో సాధారణంగా అది తక్కువ. అందుకే కుప్పానికి వచ్చిన కృష్ణా నీళ్లను పంటల కోణంలోనే కాదు, పళ్లు, ఎముకల కోణంలోనూ చూడాలి.

భారత ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ 10500: 2012) ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్‌ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ విలువ కూడా 1.5. అయితే ఎన్ని నీళ్లు తాగుతారన్నదీ చూసుకోమని అది చెబుతుంది.

ఎందుకో ఒక చిన్న లెక్క చూడండి. 0.7 మిల్లీగ్రాములున్న నీళ్లు రోజుకు 2 లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 1.4 మిల్లీగ్రాములు. మే నెల ఎండలో, 2 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు 4 లీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు. దాదాపు ఆరు రెట్లు. అక్కడి జవాబు ఇక్కడ ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

మరి పేస్ట్‌ సంగతి? మన నిబంధనల ప్రకారం పేస్ట్‌లో ఫ్లోరైడ్‌ 1000 పీపీఎం మించకూడదు, ఎంతుందో ట్యూబు మీద రాయాలి. ‘నీళ్లలో 1.5 ఎక్కువైతే పేస్ట్‌లో వెయ్యా?’ అని కంగారు పడొద్దు. గ్రాము పేస్ట్‌లో ఉండేది 1 మిల్లీగ్రామే. పైగా పేస్ట్‌ ఉమ్మేస్తాం, నీళ్లు మింగేస్తాం. ఫ్లోరైడ్‌ మేలు ప్రధానంగా పంటి పైపొరను తాకడం వల్లే వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్‌ పేస్ట్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. మింగేసే అలవాటున్న చిన్నపిల్లల విషయంలోనే జాగ్రత్త కావాలి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు బఠాణీ గింజంత చాలు.

ఆ మరకలు మీ తప్పు కాదు

ఇంకో మాట. అంకెల కంటే ఇది ముఖ్యం. తిరుపతి హాస్టళ్లలో ఉండి చదువుకునే కొందరు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మాక్‌ ఇంటర్వ్యూలో పెదాలు బిగపట్టి మాట్లాడతారు. ‘గార పళ్లు’, ‘సరిగ్గా తోముకోడు’ అన్న మాటలు చిన్నప్పటి నుంచి విని విని అలవాటైన పిల్లలు వాళ్లు.

గార వేరు, ఫ్లోరైడ్‌ మరక వేరు. గార పంటి మీద పేరుకునేది, డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది. ఫ్లోరైడ్‌ మరక ఎనామిల్‌ తయారవుతున్నప్పుడే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, దాని లోపల పడేది. ఎంత తోమినా పోదు. ఇటుక పొడి, బొగ్గు, ఉప్పుతో రుద్దితే పన్నే అరుగుతుంది. అది మీ అశుభ్రత కాదు, మీ ఊరి బోరు రాసిపెట్టిన చిరునామా. తగ్గించుకోవాలంటే దంతవైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చికిత్సలున్నాయి. చేయించుకోకపోయినా ఇంటర్వ్యూలో తలెత్తి మాట్లాడండి. బోర్డు ఈ అంశమే అడిగితే, మీకంటే దగ్గరగా చూసినవాళ్లు ఆ గదిలో ఎవరూ ఉండకపోవచ్చు.

రెండు నిమిషాల్లో ఎలా చెప్పాలి?

ముందు మోతాదు చెప్పండి: తక్కువైతే రక్షణ, 1.5 దాటితే పళ్లకు, ఇంకా పెరిగి ఏళ్లు గడిస్తే ఎముకలకు ముప్పు. తర్వాత రెండు వైపులా ఒక్కో బలమైన వాదన చెప్పండి. ఆపైన ప్రదేశం: అమెరికాలో చర్చ కలపడం గురించి, మన దగ్గర తీసేయడం గురించి. చివరగా దారి చూపండి: నదుల నీళ్లు, శుద్ధి ప్లాంట్లు, పరీక్షలు, పిల్లలకు పేస్ట్‌ అలవాటు. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్‌ నివారణ కార్యక్రమం, 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్‌ జీవన్‌ మిషన్‌ ఇక్కడ ప్రస్తావించదగ్గవి.

ఈసారి ఊరికి పోయినప్పుడు ఇంకో పని చేయండి. మీ ఇంట్లో తాగే నీళ్లను సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. జల్‌ జీవన్‌ మిషన్‌ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్‌లతో నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్న నియమం ఉంది. మీ ఊళ్లో వాళ్లెవరో సచివాలయంలో అడగండి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్‌ పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పండి. అంకె ఒకటి దాటితే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకైనా వేరే నీళ్లు చూడమనండి. మీ పళ్ల మీద మరక ఇప్పుడు మారదు. మీ ఇంట్లో పాలపళ్లు ఊడుతున్న చిన్నదాని పళ్లు మాత్రం ఇంకా తయారవుతూనే ఉన్నాయి.