సర్కారు బాకీ, కూలివాడి నెత్తిన వడ్డీ

దాళ్వా నాట్లు మొదలయ్యే రోజుల్లో మా సంఘం ఆఫీసుకి ఒకామె వచ్చింది. నాట్ల ముఠాలో పనిచేసే మనిషి. కూతురు డిగ్రీ పాసయింది. కాని టి.సి., మార్కుల జాబితా ఇవ్వబోమన్నారు కాలేజీ వాళ్లు. "సర్కారు డబ్బు పడలేదు. నువ్వు కట్టి పట్టుకుపో, పడ్డాక నీది నీకిచ్చేస్తాం" అన్నారట. బాకీ ఉన్న ఫీజంతా కలిపి నలభై వేలు. ఆమె ముఠా మేస్త్రీ దగ్గర తెచ్చి కట్టేసింది. కట్టాక వచ్చింది మా దగ్గరికి. ముందే రాలేదేం అక్కా అంటే, "ఇంటర్వ్యూ తేదీ మీదికొచ్చేసింది, ఏం చెయ్యను బాబూ" అంది.

లెక్క చూడండి. నూటికి మూడు రూపాయల వడ్డీ. నలభై వేలకి నెలకి 1,200. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఆ లెక్కన నెలకి నాలుగు రోజుల కష్టం వడ్డీకే చెల్లు. అంతటితో పోతే బాగానే ఉండును. మేస్త్రీ అప్పు వట్టి వడ్డీతో పోయే అప్పు కాదు. అది తీరేదాకా ఆయన పిలిచిన చేలోకే పోవాలి, ఆయన కట్టిన రేటుకే వంగాలి. ఎకరానికి నాట్ల రేటు పెంచాలని రేపు సంఘం పిలుపిస్తే ఆమె పని ఆపగలదా? ఆఫీసుకి వచ్చిన సంగతి మేస్త్రీకి తెలియనివ్వొద్దని ఆనాడే అడిగింది. స్కాలర్‌షిప్పుల గొడవ విద్యార్థి సంఘాలది, మనకెందుకని అనే కార్యకర్తలు ఈ మాట కాస్త ఆలోచించాలి. ఫీజు ఆలస్యమైతే దెబ్బ తగిలేది మన కూలి పోరాటానికి.

ఈ సాయం ఎవరి దయాధర్మమూ కాదు. అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడుగా ఉన్న కాలంలో, 1944లో, దళిత విద్యార్థులకి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలైనాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2008-09 నుంచి రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటుని బి.సి.లకీ, ఆర్థికంగా వెనకబడినవాళ్లకీ విస్తరించింది. పాలేర్ల పిల్లలు, పశువులు కాసినవాళ్ల పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీ మెట్లెక్కారు. ఇదంతా ప్రైవేటు కాలేజీలకి దోచిపెట్టడమేనని మనవాళ్లలో కొందరు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సర్కారు సొమ్ముతో ప్రైవేటు కాలేజీలు పెరిగిన మాట నిజమే. అయినా మన పేటలో మొదటి ఇంజనీరు వచ్చింది ఆ డబ్బుతోనే. ఆ ఇంటికి పోయి అది దోపిడీ పథకమని చెప్పి రండి, చూద్దాం!

అసలు చిక్కంతా ఆ పేరులోనే ఉంది. రీయింబర్స్‌మెంటు అంటే ముందు చదువు చెప్పించుకోవడం, తర్వాత సర్కారు కట్టడం. ఆ "తర్వాత" ఎప్పుడు? ఆంధ్రలో 2021లో తల్లుల ఖాతాల్లో వేశారు. మూడు నెలలకోసారి వేస్తామన్నారు. యాజమాన్యాలు కోర్టుకెక్కితే ఆ ఏడు సెప్టెంబరులోనే హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది. తర్వాత తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారింది, మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. ఖాతా మూడుసార్లు మారింది. ఫలానా తేదీ దాటితే వడ్డీ మేమే కడతామని మాత్రం ఒక్క ప్రభుత్వమూ అనలేదు. పాత బకాయిలు నీ హయాంలోవంటే నీ హయాంలోవని తగువులాడుకుంటారు. ఆ తగువు తెగేదాకా పిల్ల సర్టిఫికెట్టు కాలేజీ బీరువాలో ఉంటుంది.

తెలంగాణలో బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. యాజమాన్యాల చేతిలో బంద్ ఉంది. సర్టిఫికెట్టూ వాళ్ల చేతిలోనే ఉంది. కూలి తల్లి చేతిలో ఏముంది?

ఢిల్లీ వాటా ఇంకో కథ. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ ఖర్చులో కేంద్రం నూటికి 60, రాష్ట్రం 40 భరించాలని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. అంతకుముందు కొన్నేళ్లు ఆ భారం చాలామటుకు రాష్ట్రాల మీదికి నెట్టేసి కూర్చున్నారు. ఇప్పుడు కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడాలి, అయితే రాష్ట్రం తన వాటా విడుదల చేశాకనే. రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండూ ఆలస్యమే.

పేదలకి పొదుపు పథకాలున్నాయి కదా అంటారు. ఆడపిల్లలకి 2015లో సుకన్య సమృద్ధి తెచ్చారు. ఏడాదికి 250 రూపాయలైనా వేస్తే చాలట. వేస్తాం, మరి ఆ 250తో ఏ కాలేజీ సీటిస్తుంది? 2024 నవంబరులో విద్యాలక్ష్మి అన్నారు, అదీ పేరున్న పెద్ద సంస్థల్లో సీటొచ్చినవాళ్లకి బ్యాంకు అప్పు. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లకి మిగిలేది మేస్త్రీయే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఆపుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. మనమూ చెప్పలేదు. ఇది మన తప్పే. ఫీజు గడువు తేదీ చట్టంలో ఉండాలి, దాటితే వడ్డీ సర్కారే భరించాలి, సర్టిఫికెట్టు ఆపిన కాలేజీ మీద కేసు పెట్టాలి అని అడుగుదాం. కాని అడగడానికి మన చేతిలో కాగితాలుండాలి. ఆమె తెచ్చిన రసీదు చూశాను. డబ్బు తిరిగిస్తామన్న మాట అందులో ఎక్కడా లేదు.

మీ ఊళ్లో ఇలా కట్టినవాళ్లుంటే రసీదు నకలు మండల సంఘానికి చేర్చండి. రసీదు ఇవ్వకపోతే ఎంత కట్టారు, ఏ తేదీన, ఎవరి చేతికిచ్చారు, ఆ డబ్బు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు - తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేయించండి. విద్యార్థి దరఖాస్తు నెంబరు కూడా వేయడం మరవొద్దు, అది లేకపోతే సంక్షేమ ఆఫీసులో మాటే వినరు.