బండి ఎక్కే హక్కు సరే, నీడలో ఆగే హక్కు ఎప్పుడు?

మన చట్టాల్లో మోటార్‌సైకిల్ మాట రెండు చోట్ల వస్తుంది. ఒకటి మోటారు వాహనాల చట్టం. లైసెన్సు, హెల్మెట్, చలానా సంగతులు అందులో ఉంటాయి. రెండోది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. దళితులు, ఆదివాసీలు బహిరంగ ప్రదేశంలో సైకిలో మోటార్‌సైకిలో ఎక్కకుండా, చెప్పులో కొత్త బట్టలో వేసుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా అడ్డుకోవడం నేరమని సెక్షన్ 3(1)(జడ్‌ఏ) చెబుతుంది. సవరణ చట్టం ద్వారా వచ్చిన ఈ నిబంధన 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు, జరిమానా అదనం.

బండి ఎక్కినందుకు కొడతారని పార్లమెంటు ఒప్పుకుని రాసిన వాక్యమిది. దొరల వీధి రాగానే సైకిల్ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన తాతలు మన ఇళ్లలోనే ఉన్నారు. అది పాత కథ అనుకోవడానికీ లేదు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడులోని శివగంగ జిల్లాలో 20 ఏళ్ల దళిత విద్యార్థి చేతులు నరికారు. బుల్లెట్ బండి నడిపాడన్న కక్షతోనే ఈ పని చేశారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు ముగ్గురిని అరెస్టు చేశారు.

ప్రయాణానికీ కులానికీ ఉన్న లంకెను అంబేడ్కర్ తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో స్వయంగా రాశారు. 1901లో ఆయనకు తొమ్మిదేళ్లు. వేసవి సెలవుల్లో తండ్రి దగ్గరికి కోరెగావ్ వెళ్లడానికి అన్నతో, మేనల్లుళ్లతో కలిసి రైలు దిగారు. పిల్లలు మహర్లని తెలిశాక బండి తోలడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండిని పిల్లలే తోలుకోవాల్సి వచ్చింది. బండివాడు పక్కన నడిచాడు. వెంట తిండి ఉంది, దాహానికి నీళ్లు పుట్టలేదు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకోమన్నారు. అనుభవం లేని మనిషి పగ్గాలు పట్టడంతో టాంగా తలకిందులైంది, ఆయన కాలు విరిగింది. 1934లో సహచరులతో విహారయాత్రకు నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోటకు వెళితే, కోట దగ్గరి చెరువులో ముఖం కడుక్కున్నందుకు జనం మీదికొచ్చారు. ఆ గొడవ పెట్టినవాళ్లు ముస్లింలు. అంటరానితనం ఒక్క మతానికే పరిమితం కాదని ఆయన అక్కడ తేల్చి చెప్పారు.

ఈ మూడు ప్రయాణాల్లోనూ అడ్డుపడింది రెండే: వాహనం, నీళ్లు. సొంత బండి వచ్చాక మొదటి అడ్డు చాలావరకు తొలగింది. తోలేవాడి దయ అక్కర్లేదు. అందుకే దళిత వాడలో మోటార్‌సైకిల్‌ను వట్టి మోజుగా కొట్టిపారేయలేం. రెండో అడ్డు సంగతేమిటి?

హైదరాబాద్ పాతబస్తీ అంచున ఉన్న కంచన్‌బాగ్‌నే తీసుకుందాం. ఏప్రిల్ 14న ఇక్కడి ఒక కుటుంబం, నలుగురు స్నేహితులు నీలిజెండాలు కట్టుకుని బయలుదేరారనుకుందాం. సంతోష్‌నగర్, సైదాబాద్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం దాకా వెళ్లాలి. పండగలాంటి ప్రయాణమే. కానీ అది ఏప్రిల్ ఎండ. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలుంటుంది. గాలి 40 దాటితే, బండి మీద ముఖానికి తగిలే గాలి ఒంట్లోకి వేడిని ఎక్కిస్తుంది. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు.

దీనికి తోడు, ఒకే బండి మీద భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. నడిపేవారి వెనక ఒక్కరే కూర్చోవాలంటుంది చట్టం. భద్రత కోసం పెట్టిన నిబంధనే, తప్పుపట్టలేం. కానీ కారు కొనలేని ఇంటికి మరో దారి చూపాలి కదా. పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. కంచన్‌బాగ్‌కు దగ్గర్లోని చాంద్రాయణగుట్ట దాకా మెట్రో రావాలి. నగరంలో మిగతా దిక్కుల్లో రైళ్లు తిరిగి ఏళ్లయ్యాక ఇక్కడ పునాదిరాయి పడింది. మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, అది మేలే. మరి ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లాలంటే ఇప్పటికీ బండే గతి.

ఇది ఒక్క పండగ రోజు ఎండ. రోజంతా బండి మీదే బతికేవాళ్ల సంగతి చూద్దాం. కంచన్‌బాగ్ అంటే భారత్ డైనమిక్స్, మిధాని, డీఆర్‌డీవో ప్రయోగశాలలు. 1970లలో ఎదిగిన ఈ ప్రభుత్వ రంగ సంస్థల్లో రిజర్వేషన్ ఉంది. అలాంటి ఉద్యోగం దొరికిన దళిత ఇంట్లో షిఫ్టు ఉంది, క్యాంటీన్ ఉంది, కొన్నాళ్లకు స్కూటర్ వచ్చింది. 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో వేసవిలో చల్లని తాగునీరు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే రాసింది. అదే గేటు బయట, పార్సిల్ పెట్టె వీపున వేసుకుని నిలబడ్డ డెలివరీ కుర్రాడికి ఆ నీళ్లు లేవు. అతని పనికి రిజర్వేషన్ వర్తించదు, షిఫ్టు లేదు, యాప్ అతన్ని కార్మికుడని కూడా పిలవదు. తండ్రికి స్కూటర్ ఉద్యోగం తెచ్చిపెట్టిన హోదా. కొడుక్కి బండే ఉద్యోగం, పెట్రోలూ కిస్తులూ రిపేర్లూ అతనివే.

చలివేంద్రం దగ్గర ఇప్పుడు నగరంలో కులం అడిగేవాళ్లు తక్కువ. కానీ ఆగితే ఆర్డరు ఆలస్యం, రేటింగ్ తగ్గుదల, ఆదాయానికి కోత. అప్పుడు నీళ్లు ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు నీళ్ల దగ్గర ఆగనివ్వడం లేదు. ఈ రెండూ ఒకటే అనడం సరికాదు, ఒకటి అంటరానితనం, మరొకటి కూలి దోపిడీ. అయితే భూమి, ఆస్తి, పరపతి లేని ఇళ్ల పిల్లలే ఈ పనిలోకి ఎక్కువగా నెట్టబడుతున్నప్పుడు రెండింటి మధ్య గీత పలచనవుతుంది. పాతబస్తీలో దళిత, ముస్లిం యువకులు పక్కపక్కనే బండ్లాపి ఆర్డరు కోసం చూస్తుంటారు. వాళ్ల మీద పడే ఎండ ఒకటే.

ప్రభుత్వం ఏం చేసింది? 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. పదేళ్లకు, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వడగాలులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. అవసరమైన నిర్ణయమే, కానీ మనిషి పోయాకే పలికే నిర్ణయం. అదే నెలలో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదా కూడా వచ్చింది. సంక్షేమ బోర్డు, ప్రతి లావాదేవీ మీద సంక్షేమ రుసుము అందులో ప్రతిపాదించారు. నిధి మంచిదే. అయితే మిట్టమధ్యాహ్నం అరగంట నీడలో ఆగితే రేటింగ్ తగ్గించరాదన్న ఒక్క నిబంధన చాలా ప్రాణాలను ముందే కాపాడుతుంది.

విద్యార్థులు, కార్యకర్తలు చేయగలిగిన పనులు రెండున్నాయి. ఊళ్లో బండి ఎక్కినందుకు దాడి జరిగితే ఫిర్యాదులో ‘పాత గొడవలు’ అని రాయనివ్వకండి. బండి సంగతి స్పష్టంగా రాయించి, సెక్షన్ 3(1)(జడ్‌ఏ) పెట్టమని పట్టుబట్టండి. నగరంలోనైతే ఆర్డర్ల కోసం బండ్లు ఆగే ప్రతి కూడలిలో నీడ, తాగునీరు, మరుగుదొడ్డి కావాలని జీహెచ్‌ఎంసీని, కంపెనీలను రాతపూర్వకంగా అడగండి. దళిత సంఘం, గిగ్ కార్మికుల సంఘం కలిసి ఒకే వినతిపత్రం ఇస్తే దాన్ని పక్కన పడేయడం కష్టం. అంబేడ్కర్ 1927లో మహద్ చెరువుకు జనాన్ని నడిపించింది నీటి కోసం, గౌరవం కోసం. ఈ వేసవిలో మన డిమాండు కూడా ఆ రెండే.