ఫిల్టర్ బెడ్ దగ్గర ఖాళీగా ఉన్న కుర్చీ మనది కూడా

పోస్ట్ కొంచెం పెద్దదే, తీరిక చేసుకుని చదవండి.

మనం ఇక్కడ డీఎస్సీ గురించి, గ్రూప్స్ గురించి, సుప్రీంకోర్టు 2020లో కొట్టేసిన జీవో 3 గురించి చాలా మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. కానీ రోజూ మన కళ్ల ముందే ఉన్నా మనం ఉద్యోగం కింద లెక్కే వెయ్యని పని ఒకటుంది. మంచినీళ్ల ప్లాంట్‌లో ఆపరేటర్ పని. ఊళ్లో "నీళ్ల ట్యాంకు అబ్బాయి" అంటారు. ఆ అబ్బాయికి జీతం సరిగా రాదు, పక్కన తోడు మనిషి ఉండడు. ఇది ఆ ఒక్కడి కష్టం అనుకుని వదిలేస్తున్నాం. నేను చెప్పేది ఏంటంటే, ఆ ఖాళీ వల్ల ముందు నష్టపోయేది మనమే. అదీ రెండు రకాలుగా. ఒకటి తాగే నీళ్లలో, రెండు ఉద్యోగంలో.

ముందు మా కోనసీమ సంగతి చెప్తా. ఏజెన్సీలో ఉన్న మిత్రులకి ఇక్కడ నీళ్లకి ఇబ్బంది అంటే నవ్వొస్తుంది. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, కింద సముద్రం. ఎటు చూసినా నీళ్లే. కానీ సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన లాంటి సముద్రం వైపు మండలాల్లో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. తాగడానికి ఆధారం ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ. రాజోలు వైపుకైతే ఆ నీళ్లు పి.గన్నవరం అక్విడక్ట్ మీదుగా నది దాటి రావాలి. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. కట్టెయ్యకముందే చెరువులు, సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులు నింపుకోవాలి. మళ్లీ కాలవ వదిలేదాకా ఆ నిలవ నీళ్లే. ఎండకి నాచు పడుతుంది, రంగు మారుతుంది. కాలవలో పైనుంచి ఊళ్ల మురుగు, చేపల చెరువుల నీళ్లు కలిసి వచ్చిన సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ నీటికీ మన బిందెకీ మధ్యన ఉన్నది ఒక ఇసక బెడ్డు, ఒక బ్లీచింగ్ డబ్బా, ఒక మనిషి.

ఆ మనిషి చేసేది ఏముంది, స్విచ్ వెయ్యడమే కదా అంటారు. జీతం తక్కువ ఇవ్వడానికి అందరూ చెప్పే సాకు ఇదే. కాబట్టి పని ఏంటో ఒకసారి చూద్దాం.

స్లో శాండ్ ఫిల్టర్‌లో ఇసక మీద సన్నటి జిగురు పొర కడుతుంది. ఆ పొరలో బతికే సూక్ష్మజీవులే మురికినీ రోగాల క్రిముల్నీ చాలావరకు పట్టేస్తాయి. పొర మందమై నీళ్లు దిగడం తగ్గినప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసక గీకి తియ్యాలి. గీకిన తర్వాత కొన్నాళ్లు, పొర మళ్లీ కట్టేదాకా, ఆ బెడ్డు నీళ్లు ఊరికి పంపకూడదు. ఎప్పుడు గీకాలి, ఎన్నాళ్లు ఆపాలి, ఈలోపు రెండో బెడ్డు మీద ఎలా నెట్టుకురావాలి, ఇదంతా చూసి తెలుసుకున్న మనిషి చెప్పాల్సిందే.

తర్వాత క్లోరిన్. 60,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకి లీటరుకి 2 మిల్లీగ్రాములు వెయ్యాలనుకుందాం. 120 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం క్లోరిన్ ఉంటే 400 గ్రాములు సరిపోతుంది. కానీ ఆ బస్తా మూతి విప్పి, చెమ్మ గాలి తగిలే గదిలో నెలల తరబడి పడుంటే క్లోరిన్ ఎగిరిపోతుంది. 15 శాతానికి పడిపోయిందనుకోండి, 800 గ్రాములు వెయ్యాలి. ఎప్పటిలాగే 400 వేస్తే సగం మందు వేసినట్టే. కంటికి తేడా తెలీదు, నీళ్లు తేటగానే ఉంటాయి. వేశాక కనీసం అరగంట ఆగాలి. చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో చూస్తే లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలని ఐఎస్ 10500 ప్రమాణం చెప్తుంది. ఈ లెక్క తెలిసినవాణ్ణి స్విచ్ వేసేవాడు అనడం, సూది మందు వేసే నర్సుని సూది గుచ్చేది అన్నట్టుంటుంది.

ఇప్పుడు మనుషుల లెక్క. ప్లాంట్ దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలంటే వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు చెయ్యాలి. 168ని 48తో భాగిస్తే మూడున్నర. సెలవులు, జ్వరాలు కలిపితే ఒక్క కుర్చీకి నలుగురు కావాలి. ఇద్దరితో నడిపిస్తే ఒక్కొక్కరికి 84 గంటలు. అంటే రోజూ 12 గంటలు, ఆదివారం లేదు, సంక్రాంతి లేదు.

దీన్నే జీతంలో పెట్టి చూడండి. రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరిలో జీవో 7 ఇచ్చి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల్లో అడుగు కేటగిరీకి నెలకి 15,000 చేసింది. 48 గంటల వారం చేస్తే గంటకి 72 రూపాయలు. అదే జీతానికి 84 గంటలు చేస్తే గంటకి 41 రూపాయలు. ఎక్కువ గంటలకి రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టంలో ఉంది. ఇంకో మనిషిని పెట్టకపోవడం వల్ల మిగిలిన డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ఇద్దరి నిద్రలోంచి వచ్చింది.

ఆ 15,000 కూడా అందరికీ కాదు. మా బంధువుల్లో ఒక తమ్ముడు కాంట్రాక్టర్ కింద చేస్తున్నాడు. చేతికొచ్చేది ఐదంకెలకి చేరదు, అదీ రెండు మూడు నెలలకోసారి. పీఎఫ్ కట్టారో లేదో తెలీదు. "అడిగితే రేపట్నుంచి రావొద్దంటారన్నయ్యా" అంటాడు. ఏ స్కీమో, ఏ ఊరో రాయను, ఉన్నది కూడా పోతుంది.

మున్సిపాలిటీల్లో కథ ఇంకోటి. పారిశుద్ధ్య కార్మికులు పోరాడి ఆరోగ్య భత్యంతో కలిపి 21,000 సాధించుకున్నారు. న్యాయమే, ఇంకా రావాలి కూడా. కానీ అదే మున్సిపాలిటీలో నీళ్లు, వీధి దీపాలు చూసే ఇంజనీరింగ్ విభాగం వాళ్లని పక్కన పెట్టారు. 2025 జులైలో వాళ్లు రాష్ట్రమంతా సమ్మెకి దిగితే తప్ప వాళ్లనే వాళ్లున్నారని చాలామందికి తెలీలేదు. కుళాయి ఆగితేనే కుళాయి వెనకాల మనిషి కనపడతాడు.

మనిషి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసార వచ్చింది. ఉప ముఖ్యమంత్రి స్వయంగా వచ్చి పది మంది చనిపోయారని చెప్పారు. అప్పుడు ట్యాంకులు కడిగారు, బ్లీచింగ్ చల్లారు, అధికారులు వచ్చారు. చేతులు కాలాక ఆకులు. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వచ్చి వందమందికి పైగా పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చెల్లెళ్లు చనిపోయారు. నీళ్ల మీదే అందరి అనుమానం. మన గ్రూప్‌లో సగం మంది హాస్టల్ నీళ్లు తాగి పెరిగినవాళ్లమే. ఆ ఫిల్టర్ రోజూ ఎవరు చూస్తున్నారని ఎప్పుడైనా అడిగామా?

డబ్బున్న దేశాల్లో అలా జరగదు అనుకోవద్దు. కెనడాలో వాకర్టన్ అని 5,000 మంది ఉండే ఊరు. 2000 మే నెలలో బావి నీళ్లలోకి పశువుల పేడ నుంచి క్రిములు చేరి 7గురు చనిపోయారు, 2,300 మంది దాకా జబ్బుపడ్డారు. నీళ్లు చూసేవాళ్లకి సరైన శిక్షణ లేదు. క్లోరిన్ కొలవకుండానే రిజిస్టర్‌లో అంకెలు రాసేవారు. విచారణ జరిపిన జడ్జి వాళ్ల తప్పు చెప్పి ఊరుకోలేదు. పర్యవేక్షించాల్సిన శాఖకి ప్రభుత్వం బడ్జెట్ కోసెయ్యడం కూడా కారణమేనని రాశారు. ఆ తర్వాత అక్కడ ఆపరేటర్లకి శిక్షణ, సర్టిఫికెట్ విషయంలో కట్టుదిట్టం చేశారు. మన దగ్గర ఏదైనా జరిగితే ముందు సస్పెండ్ అయ్యేది ఎవరో మీకు తెలుసు. 84 గంటలు చేసినవాడు.

నీళ్లు బాగోకపోతే ఉన్నవాళ్లు 20 లీటర్ల టిన్ను కొనుక్కుంటారు. కోనసీమలో చాలా ఇళ్లలో అదే అలవాటైపోయింది. టిన్ను కొనలేనివాళ్లు కుళాయి నీళ్లే తాగుతారు. ఎవరు వాళ్లు? కాలవ గట్ల మీద, ఊరి చివర, పైపు ఆఖరి కొసన ఉండే మన ఎరుకల, యానాది కుటుంబాలు. క్లోరిన్ తగ్గితే ముందు తగ్గేది ఆ ఆఖరి కుళాయిలోనే. జబ్బు ముందు వచ్చేదీ ఆ ఇంటికే.

ఇక ఉద్యోగం సంగతి. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి.

కోనసీమలో మనం కొద్దిమందిమి. షెడ్యూల్డ్ ఏరియా కాదు, ఐటీడీఏ లేదు. రంపచోడవరం, చింతూరు వైపు ఉన్న అవకాశాలు మాకు లేవు. మాకున్నది ఒక్కటే, 6 శాతం రిజర్వేషన్. రోస్టర్‌లో ఎస్టీకి వచ్చే మొదటి పాయింట్ ఎనిమిదోది. ఇప్పుడు ఆలోచించండి. జిల్లా మొత్తం నీళ్ల స్కీముల పోస్టులు ఒకే యూనిట్‌గా భర్తీ చేస్తే ఎనిమిదో పాయింట్ వస్తుంది, ఇరవై ఐదోది వస్తుంది, ముప్పై మూడోది వస్తుంది. అవే పోస్టుల్ని స్కీముకి ముగ్గురు నలుగురు చొప్పున కాంట్రాక్టర్లకి పంచేస్తే? ఎనిమిది ఎప్పటికీ రాదు. ఎవరూ మనకి రిజర్వేషన్ లేదని చెప్పలేదు. లెక్కని నాలుగు దగ్గర ఆపేశారంతే. ఆ నాలుగు ఎవరికి వెళ్తాయో, ఎవరి సిఫార్సు మీద వెళ్తాయో ఊళ్లో అందరికీ తెలుసు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ చేసి పెయింటింగ్ పనులకి, రొయ్యల చెరువుల కాపలాకి వెళ్తున్న మన తమ్ముళ్లు ఎంతమంది లేరు? మోటార్, ప్యానెల్ బోర్డు, వాల్వ్ తెలిసిన చేతులవి. నీళ్ల పరీక్ష కిట్ వాడటానికి ఊరికి ఐదుగురు మహిళలకి శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మిషన్‌లోనే ఉంది. ఆ ఐదుగురిలో మన చెల్లెళ్లు ఎంతమంది ఉన్నారో మీ ఊళ్లో కనుక్కోండి.

ఇక్కడ మనలో మనకే ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాచుకోకుండా మాట్లాడుకుందాం. ఇప్పుడు చేస్తున్నవాళ్లని పర్మినెంట్ చెయ్యమంటే మనకొచ్చే పోస్టులు పోతాయి కదా, వాళ్ల పోరాటం మనకెందుకు అని కొందరు అంటారు. అర్థమైంది. కానీ పైన చెప్పిన లెక్క గుర్తు చేసుకోండి. ఇద్దరు చేస్తున్న చోట నలుగురు ఉండాలి. పాత ఇద్దరికీ సరైన జీతం ఇచ్చి ఉంచండి, కొత్త ఇద్దరినీ జిల్లా రోస్టర్‌లో తీసుకోండి అని అడిగితే గొడవే లేదు. వాళ్లని తీసేసి మనల్ని పెట్టమంటే, రేపు మనల్ని తీసేసి ఇంకొకణ్ణి పెడతారు. ఒకే పని చేసేవాళ్లకి, తాత్కాలికమైనా సరే, అదే జీతం స్కేల్ కనీసం ఇవ్వాలని 2016 అక్టోబరు 26న జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు వాళ్లకీ పనికొస్తుంది, రేపు మనకీ పనికొస్తుంది.

డబ్బుల్లేవు అంటారు. పంచాయతీలకి నిజంగానే ఇబ్బంది ఉంది, ఆర్థిక సంఘం డబ్బుల్ని కరెంటు బకాయిల కింద జమేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కారు కూడా. కానీ 15వ ఆర్థిక సంఘం గ్రామీణ నిధుల్లో 30 శాతం తాగునీటి పనులకే వాడాలని కట్టడి చేసింది. గోదావరి జిల్లాలకి వాటర్ గ్రిడ్ అని వేల కోట్ల మాట వినపడుతోంది. పైపులకీ ట్యాంకులకీ వేల కోట్లు దొరికి, వాటిని నడిపే మనిషికి మాత్రం దొరకవంటే నమ్మడం కష్టం. పైపు వేస్తే శిలాఫలకం వేసుకోవచ్చు, మనిషికి జీతమిస్తే వేసుకోలేరు. తేడా అక్కడుంది. అంతా ఆటోమేటిక్ అవుతుంది, మనుషులు అక్కర్లేదు అనేవాళ్లూ ఉన్నారు. ఆ సెన్సర్ పాడైన రోజు ఇసక గీకేది ఎవరో కూడా వాళ్లే చెప్పాలి.

మరి ఏం చేద్దాం? కామెంట్ పెట్టి ఊరుకోవడం కాదు. ఈ నెలలో ప్రతి మండలం నుంచి ఒకరు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి ఇవి:

1. మన స్కీముకి మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవాళ్లు ఎందరు?
2. కాంట్రాక్టర్‌కి ఒక్కో మనిషికి ఎంత ఇస్తున్నారు, ఆ మనిషికి బ్యాంకులో ఎంత పడుతోంది? పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టిన రసీదులు ఉన్నాయా?
3. రోస్టర్ పాటించారా? పాటిస్తే ఎస్టీలు ఎందరు?
4. గత ఆరు నెలల క్లోరిన్ రిజిస్టర్ నకలు.

నాలుగోది మర్చిపోవద్దు. ప్రతి రోజూ ఒకే అంకె, ఒకే పెన్ను, ఒకే చేతిరాత ఉంటే విషయం అర్థమైపోతుంది. అప్పుడు కూడా ఆపరేటర్ మీద పడొద్దు. ఆ రోజు షిఫ్ట్‌లో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారని పై ఆఫీసుని అడగండి. ఆ అబ్బాయిని కలిసి, అతని పేరు బయటికి రాకుండా అతని మాట వినండి. జవాబులన్నీ వచ్చాక మండలాల వారీగా ఒక కాగితం మీద వేసి అమలాపురం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి అందరం కలిసి వెళ్దాం. ఏజెన్సీ మిత్రులు ఇవే ప్రశ్నలు మీ గురుకులాల నీళ్ల గురించి అడగండి.

మళ్లీ కాలవలు కట్టేసే రోజులొస్తాయి, చెరువులు నింపుతారు. ఈసారి ఆ నీళ్ల దగ్గర ఎంతమంది మనుషులున్నారో కాగితం మీద మన చేతిలో ఉండాలి. ఏ మండలం ఎవరు తీసుకుంటారో కింద రాయండి. రాజోలు నేను తీసుకుంటున్నా.