రాత్రి డ్యూటీ చేసొచ్చినోణ్ని పగలు పండుకోనియ్యాలె



ఈసారి ఎరువుల గురించి కాదు, ధరల గురించి కాదు, నిద్ర గురించి రాస్తున్న. నవ్వకండ్రి. జర పొడుగున్నది, తీరిగ్గ కూసున్నప్పుడు చదువుండ్రి. నేను డాక్టర్ని కాదు. ఇంటర్ దాక చదివిన, మూడెకరాలు చేసుకునే రైతుని. ఆకుకూరలు పెట్టి, రాత్రిపూట హైదరాబాద్ పాతబస్తీ మండీలకు తీసుకపోయేటోళ్లల్ల ఒకణ్ని. అక్కడ కండ్లార చూసింది, చదివి తెలుసుకున్నది కలిపి నా అభిప్రాయం చెప్తున్న.

నా మాట ఒక్కటే. రాత్రి పనిచేసేటోని నిద్ర పాడైతే మనం ఆ మనిషికే బుద్ధులు చెప్తం. ఫోన్ చూడకు, చాయ్ తాగకు, జల్ది పండుకో అంటం. అది సగమే నిజం. మిగతా సగం ఇంట్లోళ్ల చేతుల, వాడకట్టోళ్ల చేతుల ఉన్నది. పగటిపూట వాణ్ని మనమే పండుకోనిస్తలేము. ఇది మారకుంటే ఎన్ని చిట్కాలు చెప్పినా దండుగ.

రాత్రి పని అంటే పట్నపు కంపెనీల ముచ్చట అనుకుంటరు చాలామంది. మన ఊర్ల ఎంతమంది చేస్తున్నరో లెక్క పెట్టుండ్రి. పొద్దుగూకంగ కొత్తిమీర, పాలకూర, మెంతి కోసి, బల్బు కింద కట్టలు కట్టి, అర్ధరాత్రి దాటినంక ట్రాలీ ఆటోల ఎక్కిస్తం. మాదన్నపేట మండీకో, మీరాలం మండీకో పోతం. తెల్లారకముందే బేరాలు ఒడుస్తయి. లేటు పోయినోనికి ధర పడిపోతది, ఆకు వాడిపోతది. ఇగ మన పిల్లలు. పాతబస్తీల గోదాములకాడ కావలి ఉండేటోళ్లు, దవాఖానల్ల వార్డుబాయ్ పనిచేసేటోళ్లు, రాత్రంత బండ్లు నడిపేటోళ్లు ప్రతి ఊరికి పదిమంది ఎల్తరు. మక్క చేన్ల అడవిపందుల కావలికి మంచె మీద తెల్లార్లు కూసునేది కూడ నైట్ డ్యూటీయే. జీతం లేదు కాబట్టి మనం ఆ పేరు పెడతలేము.

కరెంటు సంగతి యాదికి చేసుకోండ్రి. ఉమ్మడి రాష్ట్రంల 2004ల ఉచిత కరెంటు వచ్చింది గని, పగలు కొంత, రాత్రి కొంత ఇచ్చేటోళ్లు. మోటర్ల కాడనే మంచం ఏసుకున్నం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇయ్యవట్టిన్రు, ఆ బాధ తప్పింది. ఆ ఏండ్లల్ల పాము కరిస్తె చెప్పుకున్నం, షాక్ కొడితె చెప్పుకున్నం. పోయిన నిద్రను మాత్రం ఎవ్వలం నష్టంల రాసుకోలె.

నిద్ర అంటే మనసు గట్టిగ ఉంటే ఆపుకునేది, వద్దనుకుంటే వద్దు అనిపించేది కాదు. రైతుకు ఇది చెట్టును చూపెట్టి చెప్తే అర్థమైతది. చింతాకు పొద్దుగూకంగనే ముడుసుకుంటది, తెల్లారంగ ఇచ్చుకుంటది. 1729ల ఫ్రాన్స్ దేశంల డి మైరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కను చీకట్ల పెట్టి చూసిండు. ఎండ లేకున్నా, పగలయ్యే టైముకు ఆకులు ఇచ్చుకుంటనే ఉన్నయి. అంటే మొక్క లోపలనే ఒక గడియారం ఉన్నదన్నట్టు. పండు ఈగల్ల ఆ గడియారం ఎట్ల నడుస్తదో కనిపెట్టిన హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017ల నోబెల్ బహుమతి ఇచ్చిన్రు. మనిషి లోపల కూడ అసుంటి గడియారమే ఉన్నది. దాన్ని జరిపేది ముఖ్యంగ కంటికి తగిలే వెలుతురు. చామంతి పెట్టేటోళ్లకు ఇది ఎరికే. రాత్రి బల్బులు ఎలిగిస్తే పువ్వు ఆలస్యమైతది. వెలుతురు పువ్వును ఆపినట్టే మనిషికి నిద్రను ఆపుతది. అందుకే రాత్రంత మేల్కొని వచ్చినోడు పొద్దున ఎండల నిలబడి నాలుగు ముచ్చట్లు పెడితే, ఒళ్లు "తెల్లారింది, లెవ్వు" అనుకుంటది. మంచమెక్కినా కన్ను మూతపడది. వానికి నిద్ర పట్టకపోవుడు బద్ధకమూ కాదు, రోగమూ కాదు.

దీంతోని ఏం మునుగుతది అంటరా? 1997ల ఆస్ట్రేలియాల పరీక్షలు చేసి చూసిన్రు. 17 గంటలు ఎడతెగకుండ మేల్కొన్న మనిషి చెయ్యి, చూపు, ఆలోచన ఎట్ల మందగిస్తయంటే, 100 మిల్లీలీటర్ల రక్తంల 50 మిల్లీగ్రాముల మందు ఉన్నోనితోని సమానం. మన దేశంల చట్టం ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితేనే తాగి నడిపినట్టు కేసు. ఇప్పుడు లెక్క చూడుండ్రి. పొద్దున 5 గంటలకు లేచి, దినమంత పొలంల పనిచేసి, రాత్రి కూరగాయలు ఎక్కించుకుని, తెల్లారి 6 గంటలకు ఖాళీ బండి తోలుకుంట వచ్చేటోడు 25 గంటలు మేల్కొన్నట్టు. వాడు చుక్క తాగలే. ఊదిపిస్తే మిషన్ల సున్నా చూపెడ్తది. ఆపే పోలీసు లేడు, కేసు లేదు. కని సాగర్ రోడ్డు మీద, శ్రీశైలం రోడ్డు మీద పొద్దుపొద్దున ఒక్క రెప్పపాటు చాలు.

ఇంక మెల్లగ వచ్చే నష్టం ఉన్నది. ఏండ్ల తరబడి రాత్రి పనిచేస్తే షుగరు, గుండె జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతదని డాక్టర్లు చెప్తరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007ల రాత్రి షిఫ్టును క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న జాబితాల పెట్టింది, 2019ల మళ్ల చూసి అదే మాట మీద నిలబడ్డది. నైట్ డ్యూటీ చేసిన ప్రతి ఒక్కనికి వస్తదని కాదు. తీసిపారేసే ముచ్చట కాదని మాత్రం.

ఇప్పుడు పాతబస్తీ ఎందుకు చెప్తున్ననో వినుండ్రి. రంజాన్ నెలల మండీకి పోయినోళ్లు చూసే ఉంటరు. చార్మినార్ చుట్టు, పత్తర్‌గట్టి, లాడ్ బజార్ అర్ధరాత్రి దాటినా జాతర లెక్క ఉంటయి. సహరి దాక దుకాణాలు, హోటళ్లు నడుస్తయి. మరి పొద్దున? గల్లీలు సప్పుడు చెయ్యవు. షటర్లు దించే ఉంటయి. పొద్దున తొమ్మిదింటికి పోయి దుకాణపాయన తలుపు కొట్టేటోడు ఎవ్వడు లేడు. "ఇంక పండుకున్నవా" అని ఎక్కిరించేటోడు లేడు. రాత్రి మేల్కొన్నరు, పొద్దున పండుకుంటరు, అందరికి ఎరికే. మామూలు రోజుల్ల కూడ అక్కడ చానా దుకాణాలు పదకొండు దాటితేనే తెరుస్తరు. నేను చూసింది ఏందంటే, ఆ మనుషులకు మనకన్న ఎక్కువ క్రమశిక్షణ ఏం లేదు. వాడకట్టు మొత్తం ఒప్పుకున్నది కాబట్టి వాళ్లకు పగటి నిద్ర దొరుకుతది.

అదే మన ఊర్ల చూడుండ్రి. మండీ నుంచి ఎనిమిదింటికి వచ్చినోడు పండుకుంటే, తొమ్మిదింటికి పాలాయన పిలుస్తడు. పదింటికి ఎవలో మోటర్ కాలిందని ఫోన్ చేస్తరు. పదకొండింటికి చుట్టాలొస్తరు, "పట్టపగలు పండుకున్నడా, పానం బాలేదా" అని లేపి మరీ అడుగుతరు. పగలు పండుకుంటే ఇంట్ల లక్ష్మి నిలవదని పెద్దమనుషులు అంటరు. రాత్రి హాయిగ నిద్రపోయినోడు మళ్ల పగలు పండుకుంటే ఆ మాట వర్తిస్తది. రాత్రి కష్టం చేసినోనికి కాదు. ఆ నిద్ర వాని పనిల భాగమే.

ఇంకొక మాట, ఇది ఎవ్వలు చెప్పరు. మండీకి పోయేటోడు ఒక్కడే మేల్కొంటడా? పన్నెండింటి దాక కట్టలు కట్టేది ఆడోళ్లే. మళ్ల ఐదింటికి లేచి వాకిలి ఊడ్చి, బర్రెల పాలు పిండి, పిల్లలను బడికి పంపేది ఆడోళ్లే. మొగోడు వచ్చి పండుకుంటే సప్పుడు చెయ్యొద్దని పిల్లలను ఆపేది గూడ ఆమెనే. ఆమె నిద్ర ఎవల లెక్కల లేదు. మొగోనికి ఆరు గంటల నిద్ర కావాలంటే ఆమెకు గూడ కావాలె. మధ్యాహ్నం రెండు గంటలు ఆమె నడుం వాలిస్తే అత్తలు, ఆడిబిడ్డలు ఏం అనొద్దు.

ఇగ చెయ్యవలసినయి చెప్తున్న.

1. రోజూ ఒకే టైముకు పండుకోండ్రి. డ్యూటీ నుంచి రాంగనే, ఊర్ల తిరగకుండ. ఒక్కసారే ఏడు గంటలు రాకుంటే రెండు ముక్కలు చేసుకోండ్రి. పొద్దున ఐదు గంటలు, మళ్ల డ్యూటీకి పోయే ముందు సాయంత్రం రెండు గంటలు.

2. అర్రను చీకటి చెయ్యుండ్రి. మల్చింగ్ షీట్ ముక్క మిగిలి ఉంటది గదా, నల్లదిక్కు లోపలికి పెట్టి కిటికీకి కట్టుండ్రి. గాలి రానీకి పైన జర సందు ఇడువుండ్రి. బస్సుల వచ్చేటోళ్లు మొఖం మీద తువ్వాల కప్పుకోండ్రి, నల్లద్దాలు పెట్టుకోండ్రి. బండి నడిపేటోళ్లు మాత్రం ఆ పని చెయ్యొద్దు, వెలుతురు తగ్గితే ఇంక నిద్రొస్తది.

3. చాయ్ డ్యూటీ మొదట్ల తాగుండ్రి. చాయ్, కాఫీల ఉండే మత్తు విడిపించే గుణం సగానికి దిగనీకి ఐదు గంటల దాక పడ్తది. పొద్దున పండుకునేటోడు నాలుగింటికి ఇరానీ చాయ్ తాగితే, ఇంట్ల మంచం మీద అది పనిచేస్తది.

4. నిద్ర కోసమని మందు, కల్లు ముట్టొద్దు. జల్ది కన్ను మూతపడ్తది గని నడిమిట్లనే తెగిపోతది, నిండు నిద్ర కాదు. దుకాణంల అడుక్కొచ్చి నిద్ర గోలీలు అస్సలు ఏసుకోవద్దు.

5. సరుకు అమ్ముడుపోంగనే స్టీరింగ్ పట్టొద్దు. బండి పక్కకు పెట్టి ఇరవై నిమిషాలు పండుకోండ్రి. లేచినంక మొఖం కడుక్కొని, పది పదిహేను నిమిషాలు తిరిగి, మత్తు ఇడిసినంకనే బయలెల్లుండ్రి. కిటికీ తెరిస్తే, పాటలు పెడితే నిద్ర ఆగదు.

6. సెలవు రోజు పూర్తిగ పగటి మనిషి కావొద్దు. ఆ రాత్రి రెండు మూడింటి దాక మేల్కొని, పొద్దెక్కినంక లేస్తే గడియారం మరీ తిరగబడదు. డ్యూటీలు మారుస్తరంటే పొద్దుటిది, మాపటిది, ఆనంక రాత్రిది అన్న వరుసల అడుగుండ్రి. వెనుకకు మార్చుడు ఒంటికి కష్టం.

7. గట్టిగ గురక పెట్టి, నిద్రల ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తుంటే, సరిపోను పండుకున్నా కునుకులు పడ్తుంటే, దవాఖానకు పోయి చూపెట్టుకోండ్రి.

ఇవి ఒక్కొక్కరు చేసుకునేటియి. ఊరు చేసేటిది వేరే ఉన్నది. ఒక వాడల నలుగురు ఆకుకూరలు పెట్టినోళ్లుంటే, నలుగురు ప్రతి రాత్రి మండీకి ఎందుకు పోవాలె? వంతులు పెట్టుకోండ్రి. ఒక్కొక్క రాత్రి ఒక్కరు పోయి నలుగురి సరుకు అమ్ముకొని రావాలె. పట్టీ ఎవలది వాళ్లకు రాయించుకోవాలె. నమ్మకం లేకుంటే ఎట్ల అంటరు. నీళ్ల వంతులు మన తాతలు నమ్మకం మీదనే నడిపిన్రు గదా. పందుల కావలికి గూడ ఇదే వంతు. నాలుగు రాత్రులకు ఒక రాత్రి మేల్కొంటే మనిషి తట్టుకుంటడు.

మండీల పెద్దలను గూడ ఒక మాట అడగాలె. రాత్రిపూట వచ్చే రైతుకు సరుకు దించనీకి జాగ ఉన్నది, పండుకోనీకి లేదు. ఒక షెడ్డు, పది మంచాలు, తాగే నీళ్లు, ఒక లెట్రిన్. ఇదేం పెద్ద ఖర్చు కాదు. ధర గురించి ధర్నా చేసినట్టు దీని గురించి గూడ నలుగురం పోయి కాయితం ఇస్తే తప్పేంది?

అప్పటిదాక మన చేతుల ఉన్నది చేద్దాం. మీ ఇంటి పక్కన రాత్రి డ్యూటీ చేసేటోడు, మండీకి పోయేటోడు ఎవలున్నరో చూసుకోండ్రి. వానితోని పని ఉంటే మధ్యాహ్నం మూడు గంటలు దాటినంక పోండ్రి. ఫోన్ గూడ అప్పుడే చెయ్యుండ్రి. అంత అర్జెంటైతే ఇంట్ల ఇంకొకలకు చెప్పి రాండ్రి.