పెయ్యదూడలకు స్వాగతం - కోడెదూడల మాటేమిటి?

ఒకప్పుడు కోడెదూడ పుట్టిందంటే రైతు ఇంట సంబరం. గంజాం జిల్లా భంజనగర్ ప్రాంతపు ఘుముసరి జాతి ఎడ్లు పొట్టివైనా కొండవాలు పొలాల్లో దుక్కికి పేరెన్నిక గన్నవి. నేడు ట్రాక్టరు, పవర్ టిల్లరు ఆ కాడిని అందుకున్నాయి. కోడెదూడ బరువైంది. ఈ మార్పు ఒక్క గంజాముకే పరిమితం కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 19.25 కోట్ల ఆవులు, ఎద్దులలో ఆడవి 14.5 కోట్లు. 2012తో పోలిస్తే ఆడవి 18 శాతం పెరగగా, మగవి 30 శాతం తగ్గాయి.

దీనికి శాస్త్రం చూపిన మార్గం లింగ నిర్ధారిత వీర్యం. దీనితో కృత్రిమ గర్భధారణ చేయిస్తే పుట్టే దూడల్లో సుమారు 90 శాతం పెయ్యలే. 2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాశిమ్‌లో 'గోసార్ట్' అనే స్వదేశీ పరిజ్ఞానం ప్రారంభమైంది. దీనివల్ల డోసు ధర సుమారు 200 రూపాయలు తగ్గుతుందని కేంద్రం ప్రకటించింది. ఇది స్వాగతించదగినదే. అయితే ఈ విద్య పుట్టుకను మార్చగలదే తప్ప, పుట్టిన తరువాతి బ్రతుకును కాదు.

దూడకు తల్లి గర్భంలో రోగనిరోధక శక్తి అందదు. అది జున్నుపాల ద్వారానే రావాలి. పుట్టిన గంట, రెండు గంటల్లో మొదటిసారి, తొలిరోజున మొత్తం మీద దూడ బరువులో పదోవంతు పట్టించాలి. పాతిక కిలోల దూడకు రెండున్నర కిలోలన్నమాట. మావి పడేవరకు పాలు తాగించరాదన్న నమ్మకం ఆ అమూల్య ఘడియలను హరిస్తోంది. దూడ చనిపోతే నాటు ఆవు, గేదె సులభంగా చేపవు. అప్పుడు కొందరు ఆక్సిటోసిన్ సూదిని ఆశ్రయిస్తారు. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే మందులు ఎక్కించడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ నిషేధించింది.

పాల కేంద్రంలో యంత్రం వెన్నశాతాన్ని క్షణాల్లో తేల్చి ధర కడుతుంది. తెల్లవారకముందే లేచి పేడ తీసి, కుడితి పెట్టి, దూడను సాకే ఇల్లాలి శ్రమను ఏ యంత్రమూ కొలవదు. దూడకు విడిచిన పాలు ఆమె లెక్కలో నష్టంగానే మిగులుతాయి. నిజానికి అవి రెండు, మూడేళ్ల తరువాత ఈనబోయే ఆవుకు పెట్టుబడి.

ఒడిశా ప్రభుత్వం 2024లో ముఖ్యమంత్రి కామధేను యోజనను ఆమోదించింది. ఇటువంటి పథకాల ఫలితాన్ని వేసిన డోసులతో కాక, ఆరు నెలలు నిండిన దూడలతో కొలవాలి. జున్నుపాల ప్రాముఖ్యాన్ని బరంపురం పరిసరాల పాడి కుటుంబాలకు ఒడియాతో పాటు తెలుగులోనూ చెప్పాలి. ఎంత పరిజ్ఞానం వచ్చినా పదింట ఒకటి కోడెదూడ పుట్టక మానదు. దాని పోషణకూ పథకంలో చోటు ఉండాలి. పాలు కావాలనుకునే సమాజం దూడ బాధ్యత నుండి తప్పుకోజాలదు.