గ్రహణం మొర్రి

2019 డిసెంబరు 26 ఉదయం కేరళ, తమిళనాడుల్లో కంకణంలా కనిపించిన సూర్యగ్రహణం గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పాక్షికంగా పట్టింది. పత్తితీతల రోజులు. గ్రహణం అనగానే గర్భిణి గడప దాటకూడదు, కత్తిపీట ముట్టకూడదు. బిడ్డ పెదవి చీలితే తప్పు తల్లిదే. మన భాషే దానికి 'గ్రహణం మొర్రి' అని పేరు పెట్టింది. నిజానికి పెదవి రూపుదిద్దుకునేది గర్భం 4-7 వారాల మధ్య. నెల తప్పిన సంగతే చాలామందికి అప్పటికింకా తెలియదు. కారణాలు వంశపారంపర్యం, ఫోలిక్ ఆమ్లం కొరత, పొగతాగడం, కొన్ని మందులు.

మూడు గంటల నీడకి ఇంత జాగ్రత్త చెప్పే పెద్దలు, పురుగుమందు కొట్టిన మిరపచేలోకి వెళ్ళొద్దని ఎందుకు చెప్పరు? గ్రహణానికి పోయేది ఒక పూట కూలి. అక్కడైతే సీజనంతా వదులుకోవాలి!

2031 మే 21న కంకణ గ్రహణం మళ్ళీ కేరళ, తమిళనాడుల మీదుగా సాగుతుంది, మనకి పాక్షికంగా. రక్షణ అద్దాలు మొదట గర్భిణుల చేతికే ఇద్దాం.